చేతులు బాగు, అర్థం లేదు

చెవిటివాని ముందు శంఖం ఊదినట్లు అని మనకొక సామెత ఉంది. చిన్నప్పటినుండీ ఎన్నిసార్లు విన్నానో, ఎన్నిసార్లు వాడానో లెక్కలేదు. తప్పంతా చెవిటివానిదే అన్నట్లుగా వాడతాం దాన్ని. ఒక్కసారి ఆ దృశ్యాన్ని కళ్ళముందు నిలుపుకొని చూడండి. ఎదుటివానికి వినబడదని తెలిసీ బుగ్గలు పూరించి ఊదుతున్నవాడెవడు? వాడి తెలివిని గురించి సామెత ఒక్క మాటైనా అనదు. ఈ టపా ఆ ఊదేవాడిని గురించి. కొంత ఘాటుగానే ఉంటుంది. ఆనాడు చప్పట్లు కొట్టినవారిలో నేనూ ఉన్నాను గనుక ఆ మాత్రం చనువు తీసుకుంటున్నాను.

నిరుడు క్రిస్మసుకు జహీరాబాదులో ఉన్నాను. ఎరుగనివారి కోసం: హైదరాబాదు నుండి బొంబాయి వెళ్ళే రహదారి మీద, నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న పట్టణమది. 2016 దాకా మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. ఒక మిత్రుని ఇంటివారు పిలిస్తే వారి సంఘంలో జరిగిన క్రిస్మస్ కార్యక్రమానికి వెళ్ళాను. సంఘం పేరు చెప్పను. చెబితే ఒరిగేదేమీ లేదు, పైగా ఇటువంటివి ఆ ఒక్క చోటే జరుగుతున్నాయనుకునే ప్రమాదం ఉంది.

పిల్లల నాటిక అయింది, కీర్తనలు అయ్యాయి. తరువాత క్వయర్ వారు బధిరుల కోసం ప్రత్యేకంగా సైగలతో ఒక పాట ప్రదర్శిస్తారని ప్రకటించారు. దీపాలన్నీ ఆర్పివేశారు. వేదిక మీద ఊదారంగు దీపం ఒకటి వెలిగింది. నల్ల బట్టలు, తెల్ల చేతితొడుగులు వేసుకున్న పదిమంది యువతీయువకులు వచ్చి నిలబడ్డారు. స్పీకర్లలో పాట మొదలైంది. చీకట్లో మనుషులు కనబడరు, ముఖాలు కనబడవు, ఇరవై తెల్లని చేతులు మాత్రం మిలమిల మెరుస్తూ లేస్తున్నాయి, వాలుతున్నాయి, గుండెను తాకుతున్నాయి, ఆకాశం వైపు చాస్తున్నాయి. అందంగా ఉంది. కాదనను. నా ముందు వరుసలో ఒక పెద్దావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకున్నది. పాట అయ్యాక హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

నా పక్కన కూర్చున్నది నా మిత్రుని చిన్నాన్న కొడుకు. పుట్టుకతోనే వినికిడి లేదు. హైదరాబాదులో బధిరుల బడిలో చదువుకున్నాడు, ఇప్పుడు సొంత ఊళ్ళోనే పని చేసుకుంటున్నాడు. అక్కడ ఉన్న రెండు మూడు వందల మందిలో ఆ పాట ఎవరికోసమని ప్రకటించారో ఆ మనిషి, నాకు తెలిసి, అతనొక్కడే. దీపాలు వెలిగాక నేను నా ఫోనులో "పాట ఎలా ఉంది?" అని టైపు చేసి చూపించాను. అతను ఫోను తీసుకొని నాలుగు మాటలు వ్రాసి తిరిగి ఇచ్చాడు.

"చేతులు బాగు. అర్థం లేదు."

ఇంతకన్న సూటి అయిన సాహిత్య విమర్శ నేను ఈమధ్య ఎక్కడా చదవలేదు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర క్వయర్ నడిపే అమ్మాయితో ఈ సంగతి కదిపాను. మంచి పిల్ల, బడిలో టీచరు. నొచ్చుకున్నది. "అన్నా, నెల రోజులు ఇంట్ల పని ఇడిసిపెట్టి యూట్యూబుల చూసి నేర్చుకున్నం. గింత కష్టపడితె మీరు గిట్ల అంటరా?" అన్నది. పాస్టరు అయ్యగారు కల్పించుకొని, "ఉద్దేశం చూడండి సార్, ఉద్దేశం మంచిది కదా" అన్నారు. నాకు అప్పటికప్పుడు జవాబు తట్టలేదు. వారి అన్నం తింటూ వారితో వాదించడానికి మొహమాటం కూడా అడ్డొచ్చింది. ఆ జవాబే ఇది.

మొదట మన బ్లాగరులకు సులువుగా తెలిసే పోలిక చెబుతాను. లేఖిని వంటివి రాకముందు, యంత్రాలలో తెలుగు ఖతి లేని రోజుల్లో, తెలుగు పేజీ తెరిస్తే ఏమి కనబడేదో మీకు గుర్తుండే ఉంటుంది. గళ్ళు, గళ్ళు, వరుసగా గళ్ళు. తెలుగు రానివాడు దాన్ని చూసి, "ఓహో, తెలుగు లిపి ఇలా నలుపలకలుగా ఉంటుంది కాబోలు, ముచ్చటగా ఉంది" అనుకుంటే మనకు ఎలా ఉండేది? ఆ చీకటి గదిలో నా పక్కనున్న మనిషికి కనబడినవి ఆ గళ్ళే. మిగతా మేమందరం ఆ గళ్ళ అందానికి చప్పట్లు కొట్టాం.

ఎందుకు గళ్ళయ్యాయో చెప్పాలి. సంజ్ఞాభాషలో చేతులు సగమే. కనుబొమలు, కళ్ళు, పెదవులు, తల ఊపు, భుజాల వంపు, ఇవన్నీ ఆ భాషకు వ్యాకరణం. ఒకే చేతి గుర్తు కనుబొమలు ఎత్తితే ప్రశ్న అవుతుంది, తల అడ్డంగా ఊపితే నిషేధం అవుతుంది. చీకటి చేసి ముఖం కనబడకుండా చేతులకు మాత్రం తళుకు తొడగడమంటే తెలుగు వాక్యంలో విభక్తులూ క్రియాంతాలూ అన్నీ చెరిపేసి ధాతువులను మాత్రం రంగు సిరాతో అచ్చు వేయడం. కూచిపూడి చూసిన జాతివాళ్ళం మనం. ముఖాన్ని చీకట్లో ఉంచి చేతులతో అభినయించమని మన నాట్యశాస్త్రకారులలో ఎవరైనా చెప్పారా? మరి నాట్యానికి ఒప్పుకోనిది భాషకు ఎలా ఒప్పుకున్నాం?

అదీగాక, ముద్రలు వేరు, సంజ్ఞాభాష వేరు. నాట్యంలో పాటను గాయకుడు పాడుతూనే ఉంటాడు. చూసేవాడికి అర్థం చెవిగుండా అందుతూనే ఉంటుంది, ముద్ర దానికి అలంకారం. వినబడనివానికి ఆ ఆధారం లేదు. అతనికి సైగే మాట. అతని మాటను మనం అలంకారంగా వాడుకున్నాం.

రెండవ సంగతి. ఆ పిల్లలు తెలుగు పాటలోని ఒక్కొక్క మాటకూ ఒక్కొక్క సైగ వెదికి, తెలుగు వరుసలోనే పేర్చారు. సంజ్ఞాభాష తెలుగుకు నీడ కాదు. దానికి తన వాక్యనిర్మాణం తనకున్నది. "ఇచ్చు" అన్న క్రియ తీసుకోండి. తెలుగులో ఎవరు, ఎవరికి అన్నది విభక్తులతో చెబుతాం. అక్కడ చెయ్యి ఇచ్చేవాని చోటునుండి పుచ్చుకొనేవాని చోటుకు కదులుతుంది. కర్త, క్రియ, సంప్రదానం మూడూ ఒక్క కదలికలో తేలిపోతాయి. ముందు మనుషులను గాలిలో తలా ఒక చోట నిలబెట్టుకోవాలి, కథంతా ఆ చోట్ల మధ్య నడుస్తుంది. దేవుడు ఇచ్చాడు, మనం పుచ్చుకున్నాం అన్న చిన్న వాక్యంలో ఎంత కవిత్వానికి అక్కడ వీలుందో ఊహించండి! వేదిక మీద మాత్రం "దేవుడు" ఒక సైగ, "మనకు" ఒక సైగ, "ఇచ్చెను" ఒక సైగ, మూడు రాళ్ళు పక్కపక్కన పెట్టినట్లు.

ఈ చిక్కు తెలుగు క్రైస్తవులకు కొత్తది కాదు, అదే నాకు ఎక్కువ ఆశ్చర్యం. తెల్లదొరలు తెచ్చిన పాటల్ని ఆ దేశపు బాణీలోనే ఉంచి, ఒక్కొక్క మాటకూ తెలుగు మాట అతికిస్తే ఎలా ఉంటుందో వారికి తెలుసు. గురువు రావలసిన చోట లఘువు వస్తుంది, మాట మధ్యలో ఊపిరి తెగుతుంది. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారు వచ్చి మన రాగాల్లో, మన తాళాల్లో, తెలుగు తెలుగుగా కీర్తనలు కట్టాకనే ఆ పాటలు పల్లెల్లో కూలికి పోయే తల్లుల నోళ్ళలోకి వెళ్ళాయి. ఆయన చేసినది అనువాదం కాదు. తన భాషలో పుట్టిన మనిషి తన భాషలో పాడుకున్నాడు. సైగల పాటకూ అటువంటి చౌదరి కావాలి. ఆయన బధిరులలోనుండే రావాలి. నెల రోజులు యూట్యూబు చూసిన మనలోనుండి రాడు.

"మాకు ఆ భాష రాదు, ఉద్దేశం మంచిది" అన్న మాటకు వద్దాం. చరిత్రలో బధిరులకు జరిగిన అన్యాయాలలో ఘోరమైనది మంచి ఉద్దేశంతోనే జరిగింది. 1880లో ఇటలీలోని మిలాన్ నగరంలో బధిర విద్యావేత్తలు మహాసభ చేసి, బడుల్లో సంజ్ఞాభాష వద్దు, పెదవుల కదలిక చూసి మాట్లాడటమే నేర్పాలి అని తీర్మానించారు. ఓటు వేసినవారిలో దాదాపు అందరూ వినగలవారే. వారిలో దుర్మార్గులెవరూ లేరు, పాపం అందరూ ఆ పిల్లల మేలు కోరినవారే. ఆ తీర్మానపు నీడ నూరేళ్ళకు పైగా లోకమంతటా పడింది. పిల్లలు సైగలు చేస్తే చేతులు కట్టించిన బడులున్నాయి, వేళ్ళ మీద బెత్తంతో కొట్టిన బడులున్నాయి. ఆ మహాసభ వారసులు తమ తీర్మానానికి విచారం ప్రకటించింది 2010లో, వాంకూవరులో. 130 సంవత్సరాలు!

సంజ్ఞలు భాషేనని శాస్త్రరీత్యా నిరూపించడానికి కూడా 1960 దాకా ఆగవలసి వచ్చింది. అమెరికాలో గాలొడెట్ కళాశాలలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే విలియం స్టోకీ, చేతి ఆకారం, అది నిలిచే చోటు, అది కదిలే తీరు, ఈ మూడూ మాటల్లోని ధ్వనుల వలెనే పనిచేస్తాయని ఆ యేడు చూపించాడు. మొదట సాటి అధ్యాపకులే నవ్వారట. మన దేశపు సంజ్ఞాభాష మీద 1970లలో పని మొదలుపెట్టినవారిలో మదన్ వసిష్ఠ ఒకరు. ఆయన బాల్యంలోనే వినికిడి కోల్పోయిన భారతీయుడు. ఢిల్లీలో భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన శిక్షణ కేంద్రం ఏర్పడింది 2015లో. దాని నిఘంటువు 2018లో 3000 మాటలతో వచ్చి, 2021 నాటికి 10,000 మాటలకు పెరిగింది. 2011 జనగణనలో వినికిడి లోపం ఉన్నవారు 50 లక్షల పైన తేలిన దేశంలో ఇది ఎంత ఆలస్యమో వేరే చెప్పనక్కరలేదు. బ్రౌను దొర తెలుగు నిఘంటువు వేసింది 1852లో. మనకంటె వారు ఎంత వెనకబడ్డారో, వెనకబెట్టబడ్డారో, లెక్క వేసుకోండి.

ఇక చప్పట్ల సంగతి. 2013 డిసెంబరులో జొహానెస్‌బర్గులో మండేలా సంస్మరణ సభ జరిగింది. దేశదేశాల అధినేతలు వేదిక మీద ప్రసంగిస్తుంటే ఒకాయన వారి పక్కన నిలబడి గంటల తరబడి సైగలు చేశాడు. లోకమంతా టీవీలో చూసింది. ఎవరికీ అనుమానం రాలేదు. బధిరులకు మాత్రం మొదటి నిమిషంలోనే తెలిసిపోయింది, అతను చేస్తున్నవి ఏ భాషా కాదని. సైగల విషయంలో మన మెప్పుకు ఉన్న విలువ అంతే. హాలంతా లేచి నిలబడిందని ఆ సాయంత్రం అయ్యగారు రెండుసార్లు అన్నారు. లేచి నిలబడినవారిలో ఆ భాష వచ్చినవాడు ఒక్కడూ లేడని, వచ్చినవాడొక్కడూ కూర్చునే ఉన్నాడని ఎవరూ గమనించలేదు.

తెల్ల తొడుగుల పాటల్లో పేరుపొందినది మరొకటి ఉంది, అది తెలిస్తే తేడా తెలుస్తుంది. వెనిజులాలో బార్కిసిమేటో అనే ఊళ్ళో 1995లో జానీ గోమెస్, నైబెత్ గార్సియా అనే ఇద్దరు ఒక బృందాన్ని మొదలుపెట్టారు. తెల్ల చేతుల గాయకబృందం అని దాని పేరు. అందులో తొడుగులు వేసుకున్నవారు బధిర బాలలు. పక్కన ఇతర పిల్లలు గొంతుతో పాడుతుంటే వీరు చేతులతో పాడతారు, వెలుతురులో, ముఖాలు కనబడేలా. 2013లో సాల్జ్‌బర్గ్ సంగీతోత్సవానికి వెళ్ళారు. 2022లో లాస్ ఏంజెలస్‌లో బీథోవెన్ రచించిన ఏకైక ఒపెరాను బధిర నటులతో కలిసి ప్రదర్శించారు. బీథోవెన్ చెవులు వినబడకుండానే ఎంత సంగీతం వ్రాశాడో జ్ఞాపకం ఉంటే ఆ సభలో కూర్చోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. మనం అక్కడినుండి తొడుగులు తీసుకున్నాం. వాటిలో ఉన్న చేతుల్ని అక్కడే వదిలేశాం.

నేను క్రైస్తవుణ్ణి కాను. అయినా వాదనకు వారి గ్రంథాన్నే తీసుకుంటాను, ఎందుకంటే ఈ విషయంలో అది వారి క్వయర్ కంటె చాలా ముందున్నది. వినికిడికీ విశ్వాసానికీ ముడివేసిన పౌలు మాటను పట్టుకొని ఒకప్పుడు బధిరులను లెక్కలోకే తీసుకోని పండితులున్నారు. వారు లూకా సువార్త మొదటి అధ్యాయం చదవలేదనుకోవాలి. జెకర్యా నోట మాట పడిపోయి దేవాలయంలోనుండి బయటికి వస్తాడు, ప్రజలకు సైగలతో చెబుతాడు. బిడ్డ పుట్టాక పేరేమి పెట్టాలని బంధువులు అతణ్ణి సైగలతోనే అడుగుతారు. అతను పలక తెప్పించుకొని వ్రాస్తాడు. అంటే క్రిస్మస్ కథ మొదలయ్యేదే సైగలతో. ఏటా నాటికలో ఆ ఘట్టం దాటేసి గొర్రెల కాపరుల దగ్గర మొదలుపెడతారు గాని!

మార్కు సువార్త ఏడవ అధ్యాయం ఇంకా పదునైనది. వినబడని, మాట సరిగా రాని ఒక మనిషిని యేసు వద్దకు తీసుకొస్తారు. ఆయన మొట్టమొదట చేసిన పని ఏమిటి? ఆ మనిషిని జనసమూహంలోనుండి పక్కకు తీసుకుపోవడం. తరువాత అతని చెవుల్లో వేళ్ళు పెట్టి, నాలుక తాకి, ఆకాశం వైపు చూశాడు. అంటే అతనికి తెలిసే భాషలో, స్పర్శతో, చూపుతో, చెప్పవలసినది చెప్పాడు. అయ్యాక ఎవరికీ చెప్పవద్దన్నాడు. నేను ఆ సాయంత్రం చూసినది దీనికి పూర్తిగా తలకిందులు. జనసమూహాన్ని పోగుచేసి, దీపాలు పెట్టి, ఆ మనిషిని చీకట్లో కూర్చోబెట్టి, అతని పేరు చెప్పి జనానికి కన్నీళ్ళు తెప్పించారు.

తెలుగు కొత్త నిబంధన 1818లోనే శ్రీరామపూరులో అచ్చయింది. ఎక్కడో పుట్టినవారు మన యరలవలూ అరసున్నలూ నేర్చుకొని, ముఖం వాచేలా తప్పులు చేసి, మళ్ళీ దిద్దుకొని చేసిన పని. సువార్త ఎవరి భాషలో వారికి అందాలన్నది వారి పట్టుదల. ఆ పట్టుదలకు వారసులమని చెప్పుకొనేవారు తమ సంఘంలోని బధిరునికి ఏడాదికి నాలుగు నిమిషాలు కేటాయించారు. మిగతా యాభై ఒక్క ఆదివారాలూ ప్రసంగం జరిగినంతసేపూ అతను ఏమి చేస్తాడని అడిగాను. "వస్తడు, కూసుంటడు, పోతడు" అన్నాడు నా మిత్రుడు.

ఇది జహీరాబాదులో జరగడం నన్ను ఇంకొకందుకు బాధించింది. బజారులో నిలబడితే తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ నాలుగూ వినబడే ఊరది. బీదరు ముప్ఫై కిలోమీటర్లు. కిరాణా కొట్టు అబ్బాయి ఎదుటి మనిషి ముఖం చూసి భాష మారుస్తాడు, అది గొప్ప అనుకోడు. ఎదుటివాడి భాషలో మాట్లాడటం మర్యాద అని పుట్టుకతో తెలిసిన ఊళ్ళో అయిదవ భాష ఎవరి కంటికీ ఆనలేదు.

పైగా ఆ చుట్టుపక్కల పల్లెల్లోనే దీనికి పాఠం ఉంది. పస్తాపూరులోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలలోని దళిత స్త్రీలు, చాలామంది బడి ముఖం చూడనివారు, 1990ల చివరినుండి కెమెరా పట్టారు. 2008 అక్టోబరు 15న మాచునూరులో సంఘం రేడియో మొదలైంది. హైదరాబాదు రేడియోలో మాట్లాడే తెలుగు మా తెలుగు కాదు, మా గింజల సంగతి మేమే చెబుతాం, మా నోటితో చెబుతాం అన్నది వారి పట్టు. వారి తరఫున మాట్లాడటానికి మంచి ఉద్దేశం కలవారు ఆనాడూ చాలామందే ఉన్నారు. అక్షరం రానివారికి కెమెరా కలమైనట్లే బధిరులకూ కెమెరాయే కలం. సైగలను కాగితం మీద ఎవరు వ్రాయగలరు? ఈనాడు ప్రతి బధిరుని చేతిలో ఆ కెమెరా ఉంది. నా పక్కన కూర్చున్నవాడు ఆ రాత్రి తన మిత్రులతో వీడియో పిలుపులో గంటసేపు మాట్లాడాడు. చేతులు, ముఖం, భుజాలు, నవ్వు. ఒక ముక్క అర్థం కాకపోయినా అక్కడ ఏదో పరాచికం నడుస్తున్నదని నాకు తెలిసింది. వేదిక మీది ఇరవై చేతుల్లో లేనిదేమిటో కూడా అప్పుడే తెలిసింది.

వినబడనివాడికి పాట ఎందుకు అనే పెద్దమనుషులూ ఉన్నారు. వారికి పెద్దగా జవాబు చెప్పను. డప్పు కొడుతుంటే పక్కన నిలబడి రొమ్ము మీద చెయ్యి పెట్టుకొని చూడండి, తాళం చెవికి మాత్రమే సొంతం కాదని తెలుస్తుంది. 2024 మేలో కేరళలోని త్రిశ్శూరులో జోసెఫ్ తెర్మాడం అనే బధిరుడు కతోలిక గురువుగా అభిషేకం పొందారు, మన దేశంలో మొదటివారు. కొరియాలో పాక్ మిన్-సో 2007లోనే అయ్యారు. బలిపూజ మొత్తం చేతులతో నడిపేవారు ఉండగా, ఒక పాటకు బధిరుణ్ణి ముందు నిలబెట్టడం సాధ్యం కాదని నేను నమ్మను.

పాట మానెయ్యమని నేననడం లేదు. ఆ పిల్లలు నెల రోజులు శ్రమపడ్డారు, ఆ శ్రమ అబద్ధం కాదు. దీపాలు వెయ్యండి. తొడుగులు తీసెయ్యండి. పాటను బధిరుని చేతికి ఇచ్చి, అతను ఎలా కడితే అలా మీరు నేర్చుకోండి, తప్పు చేస్తే అతను నవ్వనీయండి. అతణ్ణి మొదటి వరుసలో కూర్చోబెట్టకండి, వేదిక మీద నిలబెట్టండి. ఆదివారం ప్రసంగానికి దుభాషి దొరకకపోతే, కనీసం ఆ ప్రసంగాన్ని ముందే వ్రాసి అతని ఫోనుకు పంపండి, దానికి ఖర్చేమీ లేదు.

ఈ మాటలు కాస్త మెత్తబరచి ఆ అమ్మాయికి ఉత్తరంగా పంపాను. చాలా రోజులు జవాబు లేదు. కోపం వచ్చిందనుకున్నాను. మొన్న ఫోను చేసింది. ఈస్టరుకు మళ్ళీ పాట ఉందట. "అన్నా, ఆయననే అడుగుదామనుకుంటున్న, మాకు నేర్పుమని. మీరొకసారి చెప్పరాదు" అన్నది. నేనెందుకు, నువ్వే అడుగమ్మా, ప్రతి ఆదివారం మీ గుడిలోనే ఉంటాడు కదా అన్నాను.

కాసేపు మాట్లాడలేదు.

"ఎట్ల అడగాలె అన్నా? నాకు ఆ పాట తప్ప ఏం రాదు" అన్నది.